కల్వరా, బ్రియార్డా, లిబ్బీనా? పాత బంగారు డిజైన్ గ్లాసుల్లో ఏది మేలు

అమెరికాలో ఉండే మనవాళ్లు ఎస్టేట్ సేల్స్‌కి (ఒక ఇంట్లోని సామానంతా అమ్మేసే సేల్), థ్రిఫ్ట్ స్టోర్లకి (వాడిన వస్తువులు అమ్మే షాపులు) వెళ్లినప్పుడు 1950లు, 60ల నాటి బంగారు పూత గ్లాసులు తెగ కనబడతాయి, అన్నీ ఒకేలా మెరుస్తుంటాయి కాబట్టి దేనికి ఎంత పెట్టొచ్చో తెలీక చాలామంది ఆగిపోతారు. నా ఓటు మాత్రం కల్వర్ కంపెనీ వాలెన్సియా డిజైన్‌కే, అదీ బంగారం చెక్కుచెదరకుండా ఉంటేనే.

కల్వర్ న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని కంపెనీ. వీళ్ల పని డెకరేషన్, గ్లాసు మీద 22 క్యారెట్ల బంగారంతో డిజైన్ వేసేవాళ్లు. వాలెన్సియా అంటే బంగారు జాలీ మధ్యలో ఆకుపచ్చ డైమండ్లు, ఒక్కసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. వేలితో తడిమి చూడండి, బంగారం కాస్త ఉబ్బెత్తుగా గరగరలాడుతూ తగుల్తుంది, నున్నగా జారిపోతే అనుమానించాల్సిందే. సంతకం అడుగున ఉండదు, పక్కన డిజైన్ కింది భాగంలో బంగారంతోనే కల్వర్ అని కలిపి రాసి ఉంటుంది. తొలిరోజుల పీసుల మీద సంతకమే ఉండదు, కాబట్టి అది లేదని వదిలేయకండి, డిజైన్ చూసి తేల్చుకోండి.

జార్జ్ బ్రియార్డ్ సంగతి వేరు. అది కంపెనీ కాదు, ఒక డిజైనర్ పెట్టుకున్న పేరు, అసలు పేరు యాషా బ్రోయ్డో, పుట్టింది ఉక్రెయిన్‌లో. గ్లాసులే కాదు, ట్రేలు, ఐస్ బకెట్లు, ఎనామిల్ (గాజులాంటి రంగు పూత) గిన్నెలు అన్నిటి మీదా ఆయన సంతకం ఉంటుంది. ఒకే డిజైన్‌లో ఆరు గ్లాసులు దొరకబుచ్చుకోవడం కష్టమే గానీ షెల్ఫ్‌లో విడిగా పెట్టుకునే ఒక్క పీస్ కావాలంటే నేను బ్రియార్డే తీసుకుంటా, ఆ గీతల్లో ఒక కళాకారుడి చెయ్యి కనబడుతుంది.

ఇంక లిబ్బీ గోల్డెన్ ఫోలియేజ్, మంచు పట్టినట్టున్న తెల్లటి పట్టీ మీద బంగారు ఆకులు. లిబ్బీ ఒహాయో రాష్ట్రంలోని టొలీడో ఊరి కంపెనీ, గ్లాసు అడుగున కలిపిరాత ఎల్ అక్షరం ఉంటుంది. బోలెడన్ని తయారయ్యాయి కాబట్టి చవక. అరుదైనది అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

వెండి పట్టీ ఉన్న గుండ్రటి గ్లాసుల్ని డొరొతీ థోర్ప్ అనే డిజైనర్ పేరు పెట్టి ధర పెంచి అమ్ముతుంటారు, కానీ వాటిలో చాలా మటుకు విట్రియన్ క్వీన్స్ లస్టర్‌వేర్ అనే వేరే బ్రాండ్‌వి. స్టికర్‌గానీ పాత డబ్బాగానీ చూపించకపోతే ఆ పేరుకి పైసా ఎక్కువ ఇవ్వకండి.

ధర దగ్గరికొస్తే పేరు కంటే కండిషనే ముందు. అంచు మీద బంగారం అరిగిందా, డిష్‌వాషర్‌లో వేసి తోమారా అన్నది వెలుతురుకి ఎత్తి పట్టి చూస్తే తెలిసిపోతుంది. గాజు మసకబారిందేమో కూడా చూడాలి, దీన్ని పొడిగా ఉన్నప్పుడే చూడాలి, ఎందుకంటే తడిపితే ఆ మసక మాయమైపోయి ఆరగానే మళ్లీ వచ్చేస్తుంది, అది గాజే పాడైన గుర్తు, ఎంత తోమినా పోదు. పొట్టి గ్లాసులకి పొడవాటి హైబాల్స్ కంటే గిరాకీ ఎక్కువ, ఆరో ఎనిమిదో సెట్‌గా స్టాండుతో సహా దొరికితే విడి పీసుల లెక్క కంటే ఎక్కువ పలుకుతుంది. ఈబేలో అమ్మేవాళ్లు అడిగే రేటు పక్కనపెట్టి, అమ్ముడుపోయినవాటి ఫిల్టర్ పెట్టుకుని చూడండి, తేడా కళ్లు తిరిగేలా ఉంటుంది.

తాగడానికి వాడాలనుకుంటే ఒక్క మాట. పాత గ్లాసుల మీది రంగు ఎనామిల్ డిజైన్లలో సీసం, కాడ్మియం అనే హానికర లోహాలు ఉంటాయని ఇంగ్లండ్‌లోని ప్లిమత్ యూనివర్సిటీ వాళ్లు 2017లో బయటపెట్టారు, డిజైన్ అంచు దాకా వచ్చిన గ్లాసుల్ని నేనైతే పెదాలకి తగలనివ్వను, పిల్లలకి అసలే ఇవ్వను. బంగారం ఉంది కాబట్టి మైక్రోవేవ్ కుదరదు, చేత్తో గోరువెచ్చని నీళ్లలో కడగాలి.

సెట్ కొని దాచుకోవాలంటే వాలెన్సియా, ఒక్క అందమైన పీస్ చాలనుకుంటే బ్రియార్డ్. చేతిలో డబ్బు తక్కువుంటే గోల్డెన్ ఫోలియేజ్ కొనండి, కాకపోతే మళ్లీ అమ్మితే లాభం వస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోకండి.