పుదుచ్చేరిలో ఆగని ఓడ

మా అమ్మకి డెబ్భై నాలుగేళ్లు. నాన్న విశాఖ పోర్టులో ముప్పై రెండేళ్లు పనిచేశారు. అయినా అమ్మ ఒక్కసారీ ఓడ ఎక్కలేదు. వన్‌టౌన్‌లో మా పాత ఇంటి డాబా మీద వడియాలు పెట్టుకుంటూ ఓడలు వచ్చిపోవడం చూడటమే. అందుకే విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి మూడు రాత్రుల క్రూజ్ ఉందని మా అమ్మాయి చెప్పగానే అందరికంటే ముందు ఆవిడే సరేనంది. ఆవిడకి ఓడ ఒక్కటే కాదు, పుదుచ్చేరిలో అరవింద ఆశ్రమం చూడాలన్న కోరిక కూడా ఉంది. నాన్న ఉన్నప్పుడు రెండుసార్లు రైలు టికెట్లు తీశారు. రెండుసార్లూ ఏదో ఒక అడ్డం వచ్చి ఆగిపోయింది.

ఓడ పుదుచ్చేరిలో ఆగలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకు ఆగలేదో, మాకు ఎప్పుడు ఎలా చెప్పారో, మిగతా ప్రయాణం ఎలా ఉందో రాస్తే ఇలాంటి టికెట్టు కొనబోయేవాళ్లకి పనికొస్తుంది.

టికెట్లు ఒక ఏజెంటు దగ్గర తీసుకున్నాం. నలుగురికి రెండు గదులు, అన్నీ కలిపి లక్ష దాటింది. డబ్బు కట్టే ముందు నేను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, “పుదుచ్చేరిలో తప్పకుండా దింపుతారా?” అని. “తప్పకుండా మేడమ్, పొద్దున దింపి సాయంత్రం ఎక్కించుకుంటారు” అన్నాడు. డబ్బు కట్టాక షరతుల కాగితం మెయిల్‌లో వచ్చింది. వాతావరణం, భద్రత, అనుమతులు, సాంకేతిక కారణాలు, వీటిలో దేనివల్లనైనా ఆగే ఊర్లను మార్చవచ్చు, తగ్గించవచ్చు, పూర్తిగా తీసేయవచ్చు అని అందులో ఉంది. క్రూజ్ కంపెనీల ఒప్పందాల్లో ఈ షరతు దాదాపు అన్నిచోట్లా ఉంటుందని తర్వాత తెలిసింది. షరతు ఉండటం తప్పు కాదు. సముద్రం ఎవరి మాటా వినదు. కానీ ఆ కాగితం డబ్బు కట్టకముందు చేతికి రావాలి. “తప్పకుండా” అన్న మాట ఏజెంటు నోటినుంచి రాకూడదు.

మన విశాఖ క్రూజ్ టెర్మినల్ గురించి మంచి మాటే చెప్పాలి. 2023లో ప్రారంభించారు, దాదాపు 96 కోట్లు ఖర్చయింది. హాలు చల్లగా, విశాలంగా ఉంది. అమ్మకి వీల్‌చైర్ అడిగితే పది నిమిషాల్లో తెచ్చారు. పెద్ద సామాను అక్కడే తీసుకుని, చీటీ కట్టి, సరాసరి గది ముందు పెడతారు. కాబట్టి మందులు, ఒక జత బట్టలు, గుర్తింపు కార్డులు చేతిసంచీలో ఉంచుకోండి. మా పెట్టె వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటింది.

ఓడ కదిలినప్పుడు అందరం పైడెక్ మీద ఉన్నాం. వెనక మూడు కొండలు కనిపిస్తాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. ఊళ్లో ఉండి రోజూ చూసేవే అయినా నీళ్ల మీద నుంచి మూడూ ఒక్క వరసలో కనిపిస్తే వేరే ఊరిని చూస్తున్నట్టు అనిపించింది. కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ నెమ్మదిగా జరిగిపోయింది. 1933లో ఈ రేవు తెరిచినప్పుడు ముందుగా వచ్చిన ఓడ పేరు జలదుర్గ అని నాన్న చెబుతుండేవారు. అమ్మ ఆ పేరు మా అమ్మాయికి చెప్పింది. చేపల వేట నిషేధం జూన్ మధ్యలో ముగిసింది కాబట్టి మరపడవలన్నీ సముద్రం మీదే ఉన్నాయి. చీకటి పడ్డాక వాటి దీపాలు చాలా దూరం మాతో పాటు వచ్చాయి. ఈ ప్రయాణంలో నేను పెట్టిన డబ్బుకి సరిపోయిన గంట అదే.

ఓడ వయసు ముప్పై ఏళ్లు దాటింది. ఎక్కగానే తెలిసిపోతుంది. తివాచీలు కొత్తవి, మధ్య హాలు మెరుస్తోంది, కానీ గదులు ఇరుకు. ఈ రోజుల్లో కట్టే ఓడల్లో చాలా గదులకి బాల్కనీ ఉంటుంది. ఆ కాలం ఓడల్లో గదికి కిటికీ ఉండటమే గొప్ప. నాకూ మావారికీ వచ్చిన గదికి అదీ లేదు. లైటు తీస్తే పగలో రాత్రో తెలియదు. స్నానాల గదిలో కుళాయి తిప్పితే మొదటి నిమిషం నీళ్లు రంగుగా వచ్చాయి, తర్వాత తేటపడ్డాయి. వెనకవైపు భోజనశాలలో కూర్చుంటే ఇంజను అదురు కుర్చీలోకి వస్తుంది, గ్లాసులో నీళ్లు వణుకుతూ ఉంటాయి. రెండో రోజు ఒక లిఫ్ట్ పనిచేయలేదు. అమ్మ మోకాళ్లతో మెట్లెక్కలేదు కాబట్టి మిగిలిన లిఫ్ట్ కోసం పావుగంటేసి నిలబడాల్సి వచ్చింది.

పాత ఓడ అంటే భయపడాలని నేను అనను. ప్రయాణికుల ఓడలకి భద్రతా పత్రం ఏడాదికోసారి తిరిగి ఇస్తారు. అయిదేళ్లలో కనీసం రెండుసార్లు ఓడని నీళ్లలోంచి పైకి తీసి అడుగుభాగం కూడా చూస్తారు. మండే సామగ్రితో కట్టిన పాత ఓడలు 2010 తర్వాత అంతర్జాతీయ ప్రయాణాలు చేయడానికి వీల్లేకుండా నిబంధన వచ్చింది. ఇప్పుడు తిరుగుతున్న పాతవి వాటిని దాటుకుని వచ్చినవి. ఓడ కదలకముందే లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో, ఏ గుర్తు దగ్గర నిలబడాలో చూపించారు. ఒక్కరిని కూడా వదిలిపెట్టకుండా పేర్లు పిలిచి మరీ చూశారు. నాకు నచ్చిన పని అది. పైగా పాతవి మరీ పెద్దవి కావు. మూడు నాలుగు వేల మందితో కిటకిటలాడే ఓడలో అమ్మని తిప్పలేకపోయేవాళ్లం.

సిబ్బంది మాత్రం బంగారం. భోజనశాలలో మన పలాస వైపు కుర్రాడు ఒకడు కనిపించాడు. తెలుగు వినగానే పరుగెత్తుకొచ్చి, “అమ్మమ్మగారూ, మీరు ఓడ మధ్యలో కిందంతస్తులోనే కూర్చోండి. ముందుకి వెళ్తే ఊపు ఎక్కువ” అన్నాడు. ఆ సలహా ఎంత విలువైనదో ఆ రాత్రే తెలిసింది. అమ్మ గది మధ్యలో, కిందవరసలో ఉంది కాబట్టి ఆవిడ హాయిగా నిద్రపోయింది. మా గది ముందువైపు. మావారికి తెల్లారేదాకా కడుపులో తిప్పింది. వాంతుల మాత్ర ఊపు మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు, ముందే వేసుకోవాలి.

భోజనం బాగుంది. ఇడ్లీ, ఉప్మా, పప్పు, పెరుగు అన్నీ ఉన్నాయి, చట్నీ మాత్రం చప్పన. కూల్‌డ్రింకులకి, ఇంటర్నెట్‌కి డబ్బు వేరే.

రెండో రోజు సాయంత్రం, అందరూ మర్నాటి పుదుచ్చేరి కోసం బట్టలు సర్దుకుంటున్న వేళ, మైకులో కెప్టెన్ ప్రకటన వచ్చింది. పుదుచ్చేరి దగ్గర కెరటాల ఊపు ఎక్కువగా ఉందని, చిన్న పడవల్లోకి దింపడం క్షేమం కాదని, అక్కడ ఆగకుండా సముద్రంలోనే ఉండి నాలుగో రోజు పొద్దున చెన్నై చేరతామని. ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పారు. అమ్మకి నేను తెలుగులో చెప్పాను. “పోనీలే” అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రిసెప్షన్ దగ్గర గొడవ మొదలైంది. ఒకాయన పుదుచ్చేరిలో బంధువుల ఇంట్లో భోజనానికి చెప్పి ఉంచాడట. ఒక కొత్త జంట కారు మాట్లాడుకుని డబ్బు కట్టేశారు. కౌంటర్లో పిల్లలు క్షమించండి అనడం తప్ప ఏం చేయగలరు? కాస్త సద్దుమణిగాక ఒక ఆఫీసరు బయటికొచ్చి నిలబడి, ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో నాకు అసలు విషయం అర్థమైంది.

విశాఖలోనూ చెన్నైలోనూ ఓడ గట్టుకి ఆనుకుని కడతారు, మనం నిచ్చెనవంతెన మీద నడిచి దిగుతాం. పుదుచ్చేరిలో ఇంత ఓడకి అలాంటి రేవు లేదు. దూరంగా లంగరు వేసి, చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకి చేర్చాలి. ఓడ పక్కలకి ఊగడం తగ్గించడానికి నీటికింద రెక్కల్లాంటివి ఉంటాయి కానీ అవి ఓడ నడుస్తున్నప్పుడే పనిచేస్తాయి. లంగరు వేసి ఆగిన ఓడ ఎక్కువ ఊగుతుంది. దాని పక్కన చిన్న పడవ మనిషెత్తు లేస్తూ పడుతూ ఉంటే, ఆ పడవలోకి అడుగు వేయాల్సింది మా అమ్మలాంటివాళ్లు. ఆ మాట విన్నాక కెప్టెన్ మీద కోపం పోయింది. ఆయన చేసింది సరైన పని.

అనుమతి లేక ఆగనిరోజులూ ఉన్నాయి. 2022 జూన్‌లో విశాఖ వైపు క్రూజ్‌లు మొదలైనప్పుడు పుదుచ్చేరి ప్రభుత్వం ఓడని ఆగనివ్వలేదు. క్యాసినో లాంటివాటి మీద అక్కడ అభ్యంతరాలు వచ్చాయి. అంటే ఈ దారిలో పుదుచ్చేరి మొదటినుంచీ అనుమానమే. అది తెలిసీ దాన్ని ప్రయాణం పేరులోనే పెట్టి అమ్మడం నాకు నచ్చలేదు.

చిన్న క్రూజ్‌లో ఇది ఎక్కువ బాధ పెడుతుంది. వారం రోజుల ప్రయాణంలో అయిదు ఊర్లలో ఒకటి పోతే ఇంకా నాలుగుంటాయి. మాకున్నది ఒక్కటే. మా అమ్మాయి లెక్క కట్టింది. విశాఖ నుంచి చెన్నైకి సముద్రంలో దాదాపు 325 నాటికల్ మైళ్లు, అంటే 600 కిలోమీటర్లు. గంటకి 15 నాటికల్ మైళ్ల చొప్పున నడిచినా ఇరవై రెండు గంటలు చాలు. మేము ఓడలో ఉన్నది మూడు రాత్రులు. ఊరు తీసేస్తే మిగిలిన సమయమంతా ఓడ నెమ్మదిగా నీళ్లమీద తిరుగుతూ ఉండటమే. మూడో రోజు అదే జరిగింది. తంబోలా, డాన్సు, మేజిక్ షో పెట్టారు. పిల్లలు ఆనందంగా ఉన్నారు. అమ్మ మాత్రం డెక్ మీద నీడలో కూర్చుని సముద్రం చూసింది. “మీ నాన్న రోజూ చూసింది ఇదేనా” అని అడిగింది ఒకసారి.

డబ్బు సంగతి. ఆగని ఊరికి సంబంధించిన పోర్టు ఛార్జీ మాత్రం తిరిగిస్తామన్నారు. అది టికెట్టు ధరలో చాలా చిన్న ముక్క. దానికి నేను మూడుసార్లు మెయిల్ రాయాల్సి వచ్చింది. చివరికి వచ్చింది. మీకు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. టికెట్టు, షరతుల కాగితం, ఓడలో ఇచ్చిన మార్పు నోటీసు ఫోటో, మూడూ దాచుకోండి. ఏజెంటు “తప్పకుండా” అన్నది నోటిమాట కాబట్టి దాన్ని నేను ఎక్కడా చూపించలేకపోయాను. వాట్సాప్‌లో అడిగి రాతలో జవాబు తీసుకుని ఉండాల్సింది.

మా తమ్ముడు, మరదలు రెండు వారాల తర్వాత ఇదే దారిలో వెళ్లారు. వాళ్లకి పుదుచ్చేరి దొరికింది. ఎలా దొరికిందో కూడా చెప్పాలి. పొద్దున ఎనిమిదికి పడవ కోసం చీటీ తీసుకుంటే ఒడ్డు చేరేసరికి పదకొండు. మూడున్నరకల్లా తిరిగి పడవ దగ్గర ఉండాలి. ఆశ్రమం మధ్యాహ్నం కొంతసేపు మూస్తారు. వాళ్లు వెళ్లేసరికి మూసి ఉంది. మణకుల వినాయకుడి గుడి కూడా అంతే. బీచ్ రోడ్డు మీద నడిచి, వైట్‌టౌన్‌లో పసుపురంగు గోడల దగ్గర ఫోటోలు తీసుకుని, భోంచేసి వచ్చేశారు. వాళ్లకి అది చాలు, ఆనందంగానే వచ్చారు. అమ్మకి అది చాలేది కాదు.

కాబట్టి ఓడ కోసం వెళ్లేవాళ్లు నిశ్చింతగా వెళ్లండి, సముద్రం మీద ఆ రాత్రులు బాగుంటాయి. వానాకాలం దాటి డిసెంబరు చివర, జనవరిలో అయితే ఇంకా నయం. ఊరి కోసం వెళ్లేవాళ్లు మాత్రం ఒక్కటే అడగండి: అక్కడ ఓడ గట్టుకి కడతారా, లంగరు వేస్తారా? లంగరు అంటే ఆ ఊరిని లెక్కలోంచి తీసేసి, మిగిలినదానికి ఆ ధర సరిపోతుందా అని చూసుకోండి.

మేమేం చేశామంటే, చెన్నై దగ్గరపడి సిగ్నల్ రాగానే మా అమ్మాయి హౌరా మెయిల్ టికెట్లు రద్దు చేసి మర్నాటికి మార్చింది. రేవు బయట టాక్సీ మాట్లాడుకుని ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద పుదుచ్చేరికి బయల్దేరాం. 150 కిలోమీటర్లు, టిఫిన్‌కి ఆగడంతో కలిపి నాలుగు గంటలు పట్టింది. ఆశ్రమం వాళ్ల అతిథి గృహంలో సముద్రం వైపు గదులు దొరికాయి. టీవీ లేదు, మంచాలు మామూలివి, రాత్రి గేటు తొందరగా వేసేస్తారు. గదులు అద్దంలా ఉన్నాయి. అద్దె మా ఓడ గదితో పోలిస్తే ఏమీ కాదు. ప్రయాణం మొత్తంలో బాగా నిద్రపట్టింది అక్కడే.

సాయంత్రం అమ్మని ఆశ్రమానికి తీసుకెళ్లాం. చెట్టు నీడలో పూలు పరిచిన సమాధి, చుట్టూ జనం ఉన్నా చడీచప్పుడూ లేదు. అమ్మ పాలరాతి మీద తలానించి కాసేపు అలాగే ఉంది. మూసే వేళవుతోందని ఒకావిడ వచ్చి సైగ చేసేదాకా మేమెవ్వరం కదపలేదు.

బయటికి వచ్చి బీచ్ రోడ్డు మీద నడిచాం. కెరటాలు నల్లరాళ్ల మీద విరిగి రోడ్డు అంచుదాకా తుంపర కొడుతున్నాయి. దూరంగా ఒక చేపల పడవ కెరటం మీదకి లేచి కనిపించి, మళ్లీ మాయమై, మళ్లీ లేస్తోంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని దాన్నే చూస్తూ, “దీంట్లోకా నన్ను దించుతామన్నది?” అంది.