రుషికొండలో సీ వ్యూ, భీమిలిలో సముద్రం

విశాఖలో సముద్రం చూడడానికి గదికి అదనంగా డబ్బు కట్టాల్సిన పనే లేదు. ఆర్‌కే బీచ్ దగ్గర మొదలుపెడితే భీమిలి దాకా పాతిక కిలోమీటర్లకు పైగా రోడ్డుకు ఒకపక్క కొండలు, ఇంకోపక్క నీళ్ళు. ఈ మాట సంక్రాంతి సెలవులకు ముందే మా ఆయనకు ఎవరైనా చెప్పి ఉంటే, 'సీ వ్యూ డీలక్స్' అనే గదికి 3,800 పోసేవాళ్ళం కాదు.

విజయవాడలో రాత్రి రైలెక్కాం, తెల్లారేసరికి విశాఖ. నేను, మా ఆయన, ఎనిమిదో తరగతి చదువుతున్న మా వాడు, మోకాళ్ళ నొప్పులు ఉన్నా పట్టుబట్టి బయల్దేరిన మా అమ్మ. స్టేషన్ నుంచి రుషికొండకు ఆటో అబ్బాయి 700 అడిగి 450కి వచ్చాడు. హోటల్‌కి వెళ్ళేసరికి ఆరున్నర. చెక్-ఇన్ పన్నెండింటికట. సరే, ఎక్కడైనా ఉండే పద్ధతే. కానీ ముందురోజు ఫోన్ చేసి అడిగినప్పుడు "పొద్దున్నే వచ్చేయండి సార్, గది ఖాళీగా ఉంటే ఇచ్చేస్తాం" అన్నది కూడా వీళ్ళే. గది ఖాళీగానే ఉంది. ఇచ్చారు కూడా, 'ఎర్లీ చెక్-ఇన్' కింద 800 రాసుకుని. అమ్మ రిసెప్షన్ సోఫాలో కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటుంటే బేరమాడే ఓపిక ఎవరికుంటుంది? ఆ సంగతి కౌంటర్‌లో ఉన్నవాళ్ళకు మనకంటే బాగా తెలుసు.

గది తలుపు తీశాక మా వాడు ముందు బాల్కనీలోకి పరిగెత్తాడు. ఎదురుగా ఇంకా స్లాబు పడని బిల్డింగు, దాని మీద ఇనప చువ్వలు, ఆరేసిన లుంగీలు. "సముద్రం ఏది?" అని అడిగితే సామాను తెచ్చిన కుర్రాడు నన్ను పిట్టగోడ చివరికి రమ్మని, ఎడమవైపు మెడ తిప్పమన్నాడు. రెండు బిల్డింగుల సందులోంచి ఒక నీలం గీత కనబడింది. మా అమ్మ కూడా వచ్చి, చూసి, "ఈపాటి సముద్రం మన క్యాలెండర్‌లో కూడా ఉంది కదా బాబూ" అంది. ఆ కుర్రాడే ముందు నవ్వాడు, పాపం అతని తప్పేం ఉంది.

మా ఆయన మాత్రం నవ్వలేదు. బుక్ చేసింది తను కాబట్టి ఆ గదిని ఎవరేమన్నా తనను అన్నట్టే ఉంటుంది. అదనపు పరుపుకు 700 అని చెప్పి రెండంగుళాల స్పాంజి ముక్క తెచ్చి పడేశారు. వేడినీళ్ళు ఆరు నుంచి ఎనిమిదింటి దాకానే. మేము స్నానాలకు లేచింది ఎనిమిదీ పదికి. ప్లేటు ఇడ్లీ 160, అందులో ఉన్నవి మూడు.

మర్నాడు పొద్దున ఖాళీ చేస్తుంటే బిల్లు 5,756 వచ్చింది. మా ఆయన అకౌంట్స్ మనిషి. బిల్లు చేతికిస్తే కూరలో ఉప్పు చూసినట్టు ముందు ట్యాక్స్ చూస్తాడు. జీఎస్టీ 12 శాతం వేశారు, 456 రూపాయలు. రోజుకు 7,500 వరకు అద్దె ఉన్న గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే అని ఆయన అంటే, కౌంటర్‌లో ఉన్నతను "సిస్టమ్‌లో అలాగే వస్తుంది సార్" అన్నాడు. "సిస్టమ్‌ని ఎవరు కట్టమన్నారు, కట్టేది నేను కదా" అని ఈయన. మేనేజర్‌ని పిలిచారు. ఆయన కాసేపు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడి, ఇంకో బిల్లు తీయించి, 266 తగ్గించాడు. మాకు 'సారీ' చెప్పలేదు. పక్కన బిల్లు కడుతున్న హైదరాబాద్ జంట మాత్రం వాళ్ళ కాగితం తీసి మళ్ళీ చూసుకోవడం మొదలుపెట్టారు. ఎక్కడ దిగినా ఆ ఒక్క లైను చూసుకోండి. అడక్కపోతే తగ్గించేవాళ్ళు లేరు.

ఇంకో రాత్రి కూడా అక్కడే ఉండాలనుకున్నవాళ్ళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మామూలు లాడ్జికి మారిపోయాం. 1,600, అన్నీ కలిపి. కర్టెన్ చిరిగింది, టీవీలో మూడు చానెళ్ళు వస్తాయి, కానీ ట్యాప్ తిప్పితే వేడినీళ్ళు, లిఫ్ట్ పనిచేస్తుంది. ఇంతకంటే రాయడానికేం లేదు, అంత బాగుంది.

రుషికొండ బీచ్‌ని మాత్రం ఏమీ అనలేను. శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, ఇసుక శుభ్రంగా ఉంది. అలలు వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద నుంచి గట్టిగా లాగుతాయి, అందుకే లైఫ్‌గార్డులు మాటిమాటికీ విజిల్ వేస్తుంటారు. మా వాడు వాళ్ళను తిట్టుకున్నాడు, నేను మనసులో దండం పెట్టుకున్నాను.

కైలాసగిరి, తెన్నేటి పార్క్ ఒక సాయంత్రంలో అయిపోయాయి. కైలాసగిరి మీద నుంచి వంపు తిరిగిన తీరం మొత్తం కనబడుతుంది, శివపార్వతుల విగ్రహాల ముందు ఫోటో కోసం లైను ఉంటుంది, అంతే.

కురుసుర జలాంతర్గామికి మాత్రం టైమ్ పెట్టుకోండి. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసి, మరుసటి ఏడు ఆర్‌కే బీచ్ ఒడ్డున మ్యూజియం అయింది. లోపల నడిచే దారి ఎంత ఇరుకంటే ఎదురుగా మనిషి వస్తే గోడకు అతుక్కోవాలి. ఆ ఇరుకులో నెలల తరబడి ఎలా బతికారో చెప్పే గైడు నౌకాదళంలో పనిచేసి రిటైరైన మనిషి. బట్టీపట్టి అప్పజెప్పలేదు, అడిగినదానికి జవాబు చెప్పాడు. ఇక్కడికి గానీ, జూ పార్కుకు గానీ సోమవారం వెళ్ళకండి. రెండింటికీ ఆ రోజే సెలవు. మాతోపాటు రైల్లో వచ్చిన ఒక కుటుంబం సోమవారం ఒక్కరోజే పెట్టుకుని వచ్చి రెండు గేట్లూ చూసి వెళ్ళింది.

ఇక అసలు సంగతి, భీమిలి రోజు. 900కె బస్సు ఎక్కాం. స్త్రీశక్తి పథకం ఉంది కాబట్టి ఆధార్ చూపిస్తే నాకూ అమ్మకూ టికెట్ లేదు. మా ఆయనా మా వాడూ డబ్బులిచ్చి కొనుక్కున్నారు. అమ్మకు అదొక పెద్ద విజయం. "మీకు నేనివ్వనా నాయనా?" అని అల్లుడిని అడిగింది కూడా. హోటల్ బిల్లు తర్వాత ఆయన మొహంలో నవ్వు కనబడింది అప్పుడే.

దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం. ఫోటోల్లో, సినిమా పాటల్లో చూసి ఇదేముంది అనుకున్నాను గానీ, సముద్రం పక్కనే అంత ఎర్రటి నేల నిట్టనిలువు గోడల్లా, మలుపుల్లా చీలి ఉండడం లోపల నిలబడి చూస్తేనే తెలుస్తుంది. మంచు యుగంలో సముద్రం వెనక్కి జరిగినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఒడ్డుకు ఎగరేసి పోసిందట. ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది, వేల ఏళ్ళ వానలు కోసి వాగులు చేశాయి. ఇలాంటివి మన దగ్గర కాక తమిళనాడులోనూ శ్రీలంకలోనూ ఉన్నాయి. 2014లో జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. అయినా ఒక మలుపులో చిప్స్ ప్యాకెట్లు, ఇంకో గోడ మీద తాళంచెవితో చెక్కిన ప్రేమికుల పేర్లు. వేలితో గీకితే రాలిపోయే మట్టి అది. తిట్టాలంటే ఎవర్ని తిట్టాలో తెలియక మా వాడిని గోడ ముట్టుకోవద్దని తిట్టాను.

అమ్మ పైనుంచే చూస్తూ ఒక జీడిమామిడి చెట్టు కింద కూర్చుంది. "మా చిన్నప్పుడు సంక్రాంతికి ఎర్రమన్ను కోసం చెరువు గట్టు దాకా పోయేవాళ్ళం. ఇక్కడుంటే ఊరంతా అరుగులు అలికేవాళ్ళం కదే" అంది. నీళ్ళ సీసాలు మీరే తీసుకెళ్ళండి. పదింటికల్లా ఎండ ఎక్కుతుంది, లోపల నీడ తక్కువ.

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూసి, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట కాసేపు నిలబడ్డాం. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, ఇప్పటికీ హడావిడి లేదు. ఆకలికి బోర్డు సరిగా లేని ఒక మెస్సులోకి దూరాం. నాలుగు బల్లలు. చేపల పులుసుతో భోజనం 180, నెత్తళ్ళ వేపుడు 120. ఆ రోజు చేప కోనాం. చింతపండు పులుసు, పచ్చిమిర్చి ఘాటు, పైన నూనె తేలుతూ, ముక్క విరిస్తే పొరలు పొరలుగా వచ్చింది. వడ్డించే ఆవిడ అమ్మ పక్కనే నిలబడి "మామ్మగారూ, ముళ్ళు సూసుకుని తినండి, ఇంకొంచెం పులుసు ఏత్తాను" అంటూ మూడుసార్లు వేసింది. పులుసుకు గానీ, రెండోసారి పెట్టిన అన్నానికి గానీ లెక్క రాయలేదు. నలుగురికీ 840. మా ఆయన ఆ బిల్లు చూడకుండానే ఇచ్చేశాడు, పెళ్ళయ్యాక నేను మొదటిసారి చూసిన దృశ్యం. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే చేప ఉండదని ఆవిడే చెప్పింది, కాబట్టి ముందే వెళ్ళండి.

మా వాడికి మాత్రం ఒక కోపం మిగిలింది, తొట్లకొండ చూపించలేదని. నౌకాదళం సర్వేలో బయటపడిన బౌద్ధారామం, రాతిలో తొలిచిన నీటి తొట్లున్న కొండ, సోషల్ పాఠంలో చదివాడట. పైదాకా రోడ్డుంది కాబట్టి అమ్మ మోకాళ్ళు అడ్డం కాదు, భోజనం దగ్గర ఆలస్యమైంది. బస్సు కింద బీచ్ రోడ్డు మీదే దింపుతుంది. పైకి ఆటో కావాలంటే భీమిలిలోనే మాట్లాడుకోండి. మమ్మల్ని రానూపోనూ, గంటసేపు ఆగడానికి కలిపి 600 అడిగారు, 500కి వచ్చేలా ఉన్నారు.