బకెట్ సైక్లోనా, 4 అంగుళాల బ్లోయరా?

చిన్న వడ్రంగి షెడ్డులో రంపపు పొట్టు పట్టడానికి సొంతంగా చేసుకోగల దారులు రెండు. ఒకటి బకెట్ సైక్లోన్: వాక్యూమ్ క్లీనర్‌కు ముందు పెట్టే బకెట్, దాని గరాటులో గాలి సుడి తిరిగి పొట్టు కిందికి రాలుతుంది. రెండోది బ్లోయర్: 4 అంగుళాల పైపుతో పొట్టును లాగి సంచిలోకి నెట్టే ఫ్యాను.

ఖర్చు: వాక్యూమ్ ఇప్పటికే ఉంటే సైక్లోన్‌కు రెండు బకెట్లు, ఒక గరాటు, పైపు చాలు. బ్లోయర్‌కు మోటారు, పైపులైను, ఫిల్టరు అన్నీ కొత్తగా కొనాలి.

గాలి: అసలు తేడా ఇక్కడే. వాక్యూమ్ గట్టిగా పీలుస్తుంది కానీ తక్కువ గాలినే లాగుతుంది. శాండర్‌కు (చెక్కను నునుపు చేసేది), రౌటర్‌కు (చెక్కలో గాడులు తీసేది) అది సరిపోతుంది. ప్లేనర్ (చిత్రిక పట్టే యంత్రం) పెచ్చులు మాత్రం సన్న పైపులో ఇరుక్కుపోతాయి. బ్లోయర్ పీల్పు మెత్తన, గాలి ఎక్కువ. దానికి సన్న గొట్టం తగిలిస్తే ఆ బలమంతా వృథా.

శ్రమ: సైక్లోన్ ఒక పూటలో అయిపోతుంది. బ్లోయర్ పైపులైనుకు మలుపులు తగ్గించాలి, ప్రతి యంత్రం దగ్గరా గాలిని ఆపే గేటు పెట్టాలి, ముడతల గొట్టం వీలైనంత పొట్టిగా ఉంచాలి.

చిక్కులు: పైపు మూసుకుంటే బకెట్ లోపలికి నొక్కుకుపోతుంది. అందుకే ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు బకెట్లు వాడాలి. మూత దగ్గర గాలి కారితే పొట్టు కింద నిలవక నేరుగా ఫిల్టర్‌కే చేరుతుంది. చాలామంది ఫిల్టర్‌ను తిట్టుకునేది ఇందుకే! బ్లోయర్‌తో వచ్చే 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గుడ్డ సంచి సన్న ధూళిని తిరిగి గదిలోకే చిమ్ముతుంది. ఊపిరితిత్తులకు చేటు చేసేది ఆ ధూళే. దాని బదులు 1 మైక్రాన్ కార్ట్రిడ్జ్ (మడతల ఫిల్టరు) వేయండి. ఏది వాడినా మాస్కు తప్పదు.

చేతి పనిముట్లే ఎక్కువైతే, చోటు ఇరుకైతే సైక్లోన్. ప్లేనర్, టేబుల్ సా (బల్ల రంపం) రోజూ తిరిగే చోట బ్లోయర్.