పిల్లల మట్టి వినాయకుడి కిట్: మట్టి భేష్, కళ్ళు మాత్రం మార్చాలి

చవితి ముందు దుకాణాల్లో దొరికే ఈ కిట్‌లో కిలో జల్లించిన బంకమట్టి, ఓ చెక్కపుల్ల, చిన్న పొట్లంలో గురివింద గింజలు ఉన్నాయి. మట్టిలో ఒక్క రాయి లేదు, ఐదేళ్ళ పిల్లల వేళ్ళకూ ఇట్టే లొంగుతుంది.

నీళ్ళు కొద్దికొద్దిగా చిలకరిస్తూ చపాతీ పిండి కన్నా కాస్త గట్టిగా కలపాలి. జారుగా అయితే బొజ్జ కిందికి దిగిపోతుంది. తొండం, చేతులు ఊడేది అతుకు దగ్గరే. రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, పల్చటి మట్టినీళ్ళు రాసి నొక్కాలి. ఎండలో ఆరబెట్టమని కాగితంలో రాశారు, అది తప్పు. పైపొర ముందే ఆరి బిగుసుకుంటుంది, లోపలింకా తడే, దాంతో పగుళ్ళు. నీడలో మూడు రోజులు ఉంచండి.

గురివింద గింజలు తీసి పక్కన పెట్టేయండి. ఆ ఎరుపు మీద నల్లచుక్క ఎంత ముచ్చటగా ఉన్నా, నమిలి మింగితే ప్రాణం మీదికి తెచ్చే విషం. పిల్లల కిట్‌లో అది ఉండనే కూడదు! కళ్ళకు రెండు మిరియాలు చాలు.

పత్రికి వెళ్ళినప్పుడు గరిక, తులసి, మామిడాకు పిల్లలతో కోయించండి. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు పెద్దలే తుంచాలి. జిల్లేడు పాలు కంటికి చాలా ప్రమాదం.