ఆల్‌రౌండ్ చెక్క బ్లేడు, రెండు వైపులా రెండు రకాల రబ్బర్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

ఈ టేబుల్ టెన్నిస్ బ్యాట్ పట్టుకుని ఆరేళ్లు దాటింది. వారానికి మూడు రోజులు, పూటకు రెండు గంటలు ఆడతాను. బ్లేడు, అంటే రబ్బర్లు అంటించే చెక్క పలక, స్టిగా కంపెనీ ఆల్‌రౌండ్ క్లాసిక్. ఐదు పొరల చెక్క, లోపల కార్బన్ నార పొర లేదు. ఫోర్‌హ్యాండ్ వైపు రబ్బరు డీహెచ్ఎస్ హరికేన్ 3, బ్యాక్‌హ్యాండ్ వైపు యసాకా మార్క్ ఫైవ్. రబ్బరు షీట్లు ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు కానీ బ్లేడు అదే.

దీనికి ముందు రెండేళ్లు కార్బన్ బ్లేడుతో ఆడాను, రెండు వైపులా బాగా వేగమైన రబ్బర్లతో. ప్రాక్టీసులో నా టాప్‌స్పిన్ (బంతి ముందుకు గిరగిరా తిరిగేలా కింది నుంచి పైకి కొట్టే దెబ్బ) చూసి పక్క టేబుల్ వాళ్లు ఆట ఆపి చూసేవాళ్లు. మ్యాచ్‌లో మాత్రం నాకంటే తక్కువ ఆడేవాళ్ల చేతిలో ఓడిపోతుండేవాణ్ణి. ఎందుకో అర్థంకాక, ఒక నెలంతా ఓడిన ప్రతి పాయింటుకీ కాగితం మీద గీత పెట్టాను: పాయింటు ఏ బంతి దగ్గర పోయిందని. సగానికి పైగా గీతలు సర్వీస్ తీసుకున్న బంతి దగ్గరే పడ్డాయి. చిన్నగా తాకి నెట్ అవతల పడేద్దామనుకున్న బంతి ఎగిరి పొడుగ్గా పోయేది, అవతలి ఆటగాడు దాన్ని కొట్టిపారేసేవాడు. నేను అంత ప్రేమించిన లూప్, అంటే ఆ టాప్‌స్పిన్ దెబ్బ, కొట్టే అవకాశమే రావడం లేదు.

అప్పటినుంచీ బ్యాట్‌ని పరీక్షించే పద్ధతి మార్చుకున్నాను. లూప్ ఏ బ్యాట్‌తోనైనా బాగానే పడుతుంది, ఎందుకంటే అక్కడ ఊపు మనది, సమయం మనది. బ్యాట్ అసలు గుణం బయటపడేది మెత్తగా తాకినప్పుడు, గట్టిగా వచ్చిన బంతికి బ్యాట్ అడ్డం పెట్టి బ్లాక్ చేసినప్పుడు. ఇప్పుడు కొత్తది ఏది చేతికొచ్చినా ముందు యాభై చిన్న సర్వీసులు వేయించుకుంటాను, తర్వాత పదిహేను నిమిషాలు బ్లాక్. టాప్‌స్పిన్ చివర్లోనే.

కార్బన్ చెడ్డదని నేననను. అది బ్లేడుని బిగుతుగా చేస్తుంది. బంతి తగిలినప్పుడు చెక్క వంగడం తగ్గుతుంది, బంతి త్వరగా వెళ్లిపోతుంది, మధ్యలో కాకుండా కాస్త పక్కన తగిలినా వేగం పడిపోదు. అయితే కార్బన్ పొర ఎక్కడుందన్నది చాలామంది చూడరు. బటర్‌ఫ్లై కంపెనీ విస్కేరియా బ్లేడులో ఆ పొర పై చెక్క కిందే ఉంటుంది. అదే కంపెనీ ఇన్నర్‌ఫోర్స్ లేయర్ రకాల్లో మధ్య చెక్కను ఆనుకుని ఉంటుంది. లోపల ఉన్నప్పుడు మెల్లని దెబ్బకు బ్లేడు చెక్కలాగే స్పందిస్తుంది, బలంగా కొట్టినప్పుడే కార్బన్ మేలుకుంటుంది. చెక్క బ్లేడు నుంచి కార్బన్‌కి వెళ్లాలనుకునేవాళ్లు ముందు లోపలి పొర రకాన్నే ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఏ కంపెనీదైనా బ్లేడు మందంలో కనీసం 85 శాతం చెక్కే ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. మిగిలిన ఆ కాస్తే ఇంత తేడా తెస్తుంది.

ఇక ఫోర్‌హ్యాండ్ రబ్బరు. హరికేన్ 3 పైపొర జిగటగా ఉంటుంది, దాని కింది స్పాంజ్ గట్టి. ఊరికే బ్యాట్ అడ్డం పెడితే బంతి పెద్దగా కదలదు. నడుము తిప్పి, కాళ్ల నుంచి బలం తెచ్చి కొడితేనే అది తన విద్య చూపిస్తుంది. మొదటి రెండు నెలలు నా బంతులు నెట్‌కే తగిలాయి. మెల్లగా పూర్తి ఊపు అలవాటైంది. నాకు దక్కిన అసలు లాభం సర్వీస్‌లోనూ, బంతిని కింది నుంచి మెల్లగా నెట్టే పుష్‌లోనూ: బంతి పొట్టిగా, తక్కువ ఎత్తులో పడుతుంది, కట్ (వెనక్కి తిరిగే స్పిన్) బాగా ఎక్కుతుంది. గీతల కాగితం మళ్లీ తీసినప్పుడు తేడా కళ్లకు కట్టింది.

స్పాంజ్ గట్టితనం అంకెల విషయంలో ఒక జాగ్రత్త. చైనా, జపాన్, జర్మనీ తయారీల కొలతలు వేరు. హరికేన్ మీద 39 అని, జర్మన్ రబ్బరు మీద 47.5 అని చూసి మొదటిది మెత్తన అనుకుంటే పొరపాటు. నిజానికి ఆ 39దే గట్టిగా ఉంటుంది. ఒకే కంపెనీ రబ్బర్ల మధ్య పోల్చుకోవడానికే ఆ అంకెలు పనికొస్తాయి.

బ్యాక్‌హ్యాండ్‌కి కూడా మొదట జిగట రబ్బరే వేశాను. నా బ్యాక్‌హ్యాండ్ ఊపు చిన్నది, టేబుల్ దగ్గరే నిలబడి మణికట్టుతో కొడతాను. అంత చిన్న ఊపుకి గట్టి స్పాంజ్ లొంగదు. ఆపైన చాలా మెత్తని స్పాంజ్ ప్రయత్నించాను, అది ఇంకో చివర: గట్టి దెబ్బ వస్తే స్పాంజ్ అంతా నొక్కుకుపోయి బంతి చెక్కకే తగిలినట్టయ్యేది. మార్క్ ఫైవ్ దగ్గర ఆగాను. 1969 నుంచీ ఉన్న రబ్బరు ఇది. ఒకప్పుడు ఆటగాళ్లు ఇలాంటి వాటిని మ్యాచ్‌కి ముందు స్పీడ్ గ్లూతో అతికించి స్పాంజ్ ఉబ్బేలా చేసి, వేగం రప్పించేవారు. 2008లో ఆ గ్లూ నిషేధమయ్యాక కంపెనీలు ఆ సాగే గుణాన్ని రబ్బరులోనే పెట్టడం మీద మరింత దృష్టి పెట్టాయి. బటర్‌ఫ్లై వాళ్ల టెనర్జీ 05 రబ్బరు వచ్చింది కూడా ఆ ఏడాదే. వాటి పక్కన మార్క్ ఫైవ్ నెమ్మదస్తురాలే. నా బ్లాక్‌కి ఆ నెమ్మదే కావాలి. వచ్చిన బంతి మీది స్పిన్‌కి అది అంతగా ఉలిక్కిపడదు.

స్పాంజ్ మందం గురించి క్లుప్తంగా: నాది 2.0 మి.మీ. స్పాంజ్ పలచనైతే బంతి చెక్కను త్వరగా చేరుతుంది, చేతికి స్పష్టంగా తెలుస్తుంది, స్పిన్ తగ్గుతుంది. దూరంగా నిలబడి బంతిని పైనుంచి కిందికి కోస్తూ చాప్ చేసేవాళ్లు 1.5 దాకా దిగుతారు.

బరువు మాత్రం దయచేసి తూచి చూసుకోండి. నా బ్లేడు 86 గ్రాములు, కత్తిరించాక హరికేన్ 50, మార్క్ ఫైవ్ 44. మొత్తం 180. ఒకసారి రెండు వైపులా బరువైన షీట్లు వేసి 192కి తెచ్చాను. ఆ పన్నెండు గ్రాములూ బ్యాట్ తల వైపే చేరడంతో మూడో గేమ్ వచ్చేసరికి మణికట్టు ఆలస్యమయ్యేది. మూడు వారాలు నొప్పితో ఆడి, చివరికి తీసేశాను.

పైకి పొడుచుకొచ్చిన పొడుగు బుడిపెలున్న రబ్బరు, అంటే పొడుగు పింపుల్స్, నా దారి కాదు, కానీ టేబుల్ దగ్గర నిలబడి అవతలివాళ్ల లయ చెడగొట్టే స్వభావం ఉన్నవాళ్లకు అవి వరం. భారత క్రీడాకారిణి మనికా బత్రా బ్యాక్‌హ్యాండ్ వైపు పొడుగు పింపుల్స్‌తోనే ఆడి, అవసరమైనప్పుడు రెండు వైపులూ తారుమారయ్యేలా చేతిలో బ్యాట్ తిప్పేస్తూ 2018 కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం గెలిచింది. బ్యాట్ తిప్పడం రాకపోతే పింపుల్స్ సగం బలం పోయినట్టే. ముందు దాన్ని సాధన చేయాలి.

ఈ కూర్పుకి హద్దు ఉంది. టేబుల్‌కి రెండు మూడు మీటర్లు వెనక్కి వెళ్లి ఆడితే చెక్క బ్లేడు బంతిని అంత లోతుగా మోయదు, బలం మొత్తం మనమే పెట్టాలి. మీ ఆట అక్కడే సాగేదైతే ఇది తీసుకోకండి.

ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. తొలిసారి రబ్బరు ఊడదీసేటప్పుడు తొందరపడి ఒక్క లాగుడు లాగాను. పై చెక్కలోంచి సన్నని పేళ్లు లేచి వచ్చాయి. పొర దెబ్బతిన్నచోట ఇప్పటికీ వేలికి గరుకుగా తగులుతుంది. చెక్క గీతల వెంబడి, ఓ మూల నుంచి, చాలా నిదానంగా తీయాలి. కొత్త బ్లేడుకైతే ముందే పలచగా వార్నిష్ పూయడం మంచిది.

హరికేన్‌ని ఆట అయ్యాక తడి స్పాంజ్‌తో తుడిచి ప్లాస్టిక్ పొర అంటిస్తాను. అయినా ఐదు నెలలకు మధ్యభాగం మెరుపు తగ్గి జిగట పోతుంది. సర్వీస్‌లో కట్ పలచబడటం మొదటి గుర్తు. మార్క్ ఫైవ్ ఏడెనిమిది నెలలు సాగుతుంది. రెండూ ఒకేసారి మార్చను. ఒక వైపు మార్చాక కనీసం నెల ఆడి, ఆ తర్వాతే రెండోది. రెండూ కలిపి మారిస్తే, పోయిన పాయింటు ఏ రబ్బరు వల్ల పోయిందో గీతల కాగితం కూడా చెప్పలేదు.