మా ఫియట్ 1100: ఆరేళ్ల రివ్యూ, తుప్పుతో సహా

ముందే చెప్పేస్తున్నా, ఇది ఫెరారీ రివ్యూ కాదు. పాత ఇటలీ కారు ఉందంటే చాలు, జనం ఎర్ర రంగు, రెండు డోర్లు, కొండ మలుపులు ఊహించుకుని ఫొటో పెట్టమంటారు. పాలకొల్లులో మా షెడ్డులో ఉన్నది 1970 మోడల్ ఫియట్ 1100డి, పాలమీగడ రంగు, నాలుగు డోర్లు. షెడ్డు ఎందుకంటే, కొన్న కొత్తలో పెరట్లో నీడ చూసి కొబ్బరి చెట్టు కింద పెట్టాను. మూడోరోజు బానెట్ మీద కాయ పడింది. సొట్ట ఇప్పటికీ ఉంది, తీయించలేదు, మా ఆవిడ దాన్ని చూపించి చుట్టాలకి నా తెలివి గురించి చెబుతుంది.

ఈ కారు పుట్టుక ఇటలీలో, ట్యూరిన్‌లో. 1953లో అక్కడ 1100 కొత్త రూపంలో వచ్చింది. అదే ఏడాది దానికి తురిస్మో వెలోచే అని హుషారైన వెర్షన్ కూడా తీశారు, గ్రిల్ మధ్యలో మూడో లైటు ఉంటుంది దానికి. అసలు గ్రాన్ తురిస్మో అనగానే తెలిసినవాళ్లు 1951 నాటి లాంచియా ఆరేలియా బి20 పేరు చెబుతారు, సామాన్లతో దూరాలు హాయిగా, వేగంగా పోయే కూపే, అంటే రెండు డోర్ల కారు. మనకి దక్కింది ఆ ఊరిదే, బీదింటి చుట్టం. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964 నుంచి 1100డి తయారు చేశారు, డెబ్బైల్లో దానికే పద్మిని అని పేరు మార్చారు. ఇంజన్ 1089 సీసీ, ఇటాలియన్‌లో వెయ్యినూటికి మిల్లేచెంతో అంటారు కాబట్టి అక్కడ బండికి కూడా అదే పేరు. మా మేస్త్రిగారు మాత్రం దీన్ని "పెద్దావిడ" అంటారు.

నేను లక్షా అరవై వేలకి కొన్నాను, బేరం ఆడలేదు, ఆడుంటే ఇరవై వేలు తగ్గేది. కొన్న వారానికి కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తి చూస్తే కింద రోడ్డు కనిపించింది. అతిశయోక్తి కాదు, అరచేయంత కన్నం. డెల్టాలో పాత బండి కొనేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే: ఇంజన్ తర్వాత చూడొచ్చు, ముందు బండి కింద పడుకుని చూడండి. సముద్రం గాలి, ఆరు నెలలు తడి, చేలగట్ల బురద, ఇవన్నీ రేకుని లోపల్నించి తినేస్తాయి, పైన పెయింటు మాత్రం పెళ్లికూతురిలా ఉంటుంది. టింకరింగ్‌కి నలభై రోజులు పట్టింది. ఇంజన్ బోరు వేయించి (అంటే అరిగిన సిలిండర్లు లోపల గీయించి), పిస్టన్లు, రింగులు మార్చేసరికి బండి ఖరీదులో సగం మళ్లీ అక్కడే పోసినట్టయింది. నేను లెక్క రాసుకోవడం ఆపేసింది అప్పుడే.

నడపడానికి ఎలా ఉంటుంది? హ్యాండ్ గేరు, అంటే స్టీరింగ్ పక్కనే రాడ్డు. ముందు సీటు బెంచీలా ఒకటే, అందుకని మా అత్తయ్య, చిన్నాడు, నేను ముందే కూర్చుంటాం. డోరుకి ముందు మూల మూడు మూలల చిన్న అద్దం ఉంటుంది, దాన్ని కాస్త తిప్పితే గాలి సరిగ్గా మెడ మీద తగులుతుంది. ఆ గాలి ముందు మా కొత్త కారు ఏసీ దిగదుడుపు, ఏప్రిల్ పదిహేను దాకా. ఆ తర్వాత ఆ మాట అనను. స్టీరింగ్ నిలబెట్టి తిప్పాలంటే భుజాలు నొప్పి పెడతాయి, కదులుతూ ఉంటే మాత్రం పెద్ద బరువుండదు. వెనక కట్ట స్ప్రింగులు, పుంతరోడ్డు మీద గొయ్యి వచ్చినప్పుడు వెనక కూర్చున్నవాళ్లు ముందే తెలుసుకుని గాల్లోకి లేచి రెడీగా ఉంటారు. బ్రేకులు నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, వానలో తడిస్తే మొదటి తొక్కుడికి పట్టవు, రెండోదానికి ఒక పక్కకి లాగుతుంది. ముందు బండికి దూరం ఉంచడం నేర్చుకోవాలి, ఆ దూరంలోకి ఆటోవాడు దూరుతాడు, అది మన చేతుల్లో లేదు.

గంటకి యాభై, అరవై. అక్కడే దాని ప్రాణం కుదురుగా ఉంటుంది. డెబ్బై దాటాక ఇంజన్ అరుపు, అద్దాల చప్పుడు కలిసి మాట వినిపించదు. హైవే మీద లారీవాడు హారన్ కొట్టి తిట్టి వెళ్తాడు. ఒకసారి స్పీడు తక్కువని మేస్త్రిగారికి ఫిర్యాదు చేస్తే, కార్బురేటర్ మీద తల ఎత్తకుండానే, "బాబుగారూ, బండి బాగానే ఉందండి, మీ తొందరే ఎక్కువుందండి" అన్నారు. నా ఫిర్యాదు పట్టించుకోలేదు. కానీ అదే బండిని కాలవ గట్టు మీదికి తీసుకెళ్లండి, ఒక పక్క నీళ్లు, ఒక పక్క చేలు, ఎదురుగా సైకిలు మీద గడ్డిమోపు, రోడ్డు సగం మీద ఆరబోసిన ధాన్యం. నలభైకి మించి ఎవడూ పోలేడు, నా ఫియట్టూ వాళ్ల కొత్త బండీ ఒకటే అక్కడ.

సమస్యల్లో నన్ను ఎక్కువ ఏడిపించింది వేసవి. పెట్రోలు పంపు ఇంజన్‌కే అంటుకుని ఉంటుంది, ఆ వేడికి లోపల పెట్రోలు ఆవిరైపోతే పంపు దాన్ని తోయలేదు, బండి దగ్గి దగ్గి ఆగిపోతుంది. మొన్న మే నెలలో చించినాడ వంతెన దిగి దిండి దాటాక సరిగ్గా అలాగే ఆగింది, మధ్యాహ్నం రెండింటికి. బానెట్ ఎత్తి ఏదో తెలిసినట్టు చూస్తున్నాను. పక్కన బొండాలు కొట్టే ముసలావిడ కత్తి పక్కన పెట్టి వచ్చింది.

"ఏం నాయనా, ఆగిపోయిందా?"

"వేడికండి, కాసేపటికి అదే లేస్తుందండి."

"మా ఆయన టాక్సీ తోలేవాడు, ఇదే బండి. పంపు మీద తడిగుడ్డ వెయ్యి, నిలబడితే ఏమొస్తది?"

అని తనే మొహం తుడుచుకునే తువ్వాలు బొండాం నీళ్లలో ముంచబోయి, మళ్లీ ఆలోచించి, బిందెలో నీళ్లతో తడిపి ఇచ్చింది. పంపు మీద పెట్టగానే సుయ్‌మంది. పది నిమిషాల్లో స్టార్టయింది. ఇప్పుడు డిక్కీలో రెండు తువ్వాళ్లు, ఐదు లీటర్ల నీళ్ల క్యాను ఉంటాయి, స్టెప్నీ కన్నా ముందు అవే చూసుకుంటాను.

పెట్రోలు గురించి ఇంకోటి. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పాత రబ్బరు పైపులు మెత్తబడి చెమ్మ కారడం మొదలైంది. పాత బండి ఉన్నవాళ్లు పెట్రోలు పైపులు, కార్బురేటర్ ప్యాకింగులు ఇథనాల్ తట్టుకునేవి వేయించుకోండి, బానెట్ కింద పెట్రోలు వాసన వస్తే ఆ రోజు ప్రయాణం మానేయండి. మైలేజీ లీటరుకి పదకొండు. సామాన్లు దొరుకుతాయి, విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, కానీ "ఒరిజినల్ అండి" అని డబ్బా మీద ఒట్టేసి ఒక షాపువాడు అమ్మిన వాటర్ పంపు నెల తిరక్కుండా కారింది. ఫోన్ చేస్తే, "బండి పాతదయితే అంతేనండి" అన్నాడు. పంపు కొత్తది కదా అంటే లైను కట్ చేశాడు.

కాగితాల సంగతి. ఆర్‌సీ అయిదేళ్లకోసారి రెన్యూవల్, బండి చూపించాలి. యాభై ఏళ్లు దాటిన బండికి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ వచ్చాయి, నంబరులో వీఏ అని ఉంటుంది, కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000. కానీ ఆ నంబరు తీసుకుంటే రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, షోలకి, ర్యాలీలకి లాంటివాటికే. నేను తీసుకోలేదు. కొబ్బరికాయలు తెచ్చుకోడానికి కూడా పనికిరాని బండి నాకెందుకు?

ఇక ఈ బండి కొన్నందుకు నాకు దక్కింది ఏంటంటే నరసాపురం పంటు, అంటే బళ్లని గోదావరి దాటించే పడవ. మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దిగితే అంతర్వేది దగ్గరే. ఎక్కించడం ఉంది చూశారూ, పలకల మీద తడి, ముందూ వెనకా బైకులు, మధ్యలో ఆగి మళ్లీ కదలాలి. ఈ బండికి మొదటి గేరు పూర్తిగా ఆగితేనే పడుతుంది, కదులుతూ ఉంటే కర్రుమని అరుస్తుంది, అది నలుగురిలో వినిపిస్తే పరువు పోతుంది. మొదటిసారి కర్రుమంది. పంటు కుర్రాడు, "అమ్మమ్మగారికి దెబ్బ తగిలిందండి" అన్నాడు, అందరూ నవ్వారు. రెండోసారి క్లచ్ పూర్తిగా నొక్కి ఆగి వేశాను, చప్పుడు లేకుండా ఎక్కింది, ఎవరూ చూడలేదు. పంటు కదిలాక అద్దాలు దింపుకుని అత్తయ్య, నేను అలాగే సీట్లో కూర్చుండిపోయాం. ఇంజన్ ఆపేసి ఉంది, గోదావరి మాత్రం పక్కనుంచి పోతోంది.

కొనాలా వద్దా అని మెసేజులు పెడుతున్నవాళ్లకి ఒకటే అడుగుతాను: పది కిలోమీటర్ల లోపు కార్బురేటర్ విప్పి సర్దగల మేస్త్రి ఉన్నారా? లేకపోతే ఎంత తక్కువకి వచ్చినా వద్దు. ఉంటే, ముందు ఆయనకి టీ ఇప్పించి ఆ బండి చూపించండి. మా పెద్దావిడకి ఇప్పుడు డైనమో (బ్యాటరీ చార్జి చేసేది) బ్రష్షులు అరిగాయట, మా మేస్త్రిగారు ఆదివారం రమ్మన్నారు.