ప్యాకర్స్ 2024 సీజన్ వెంట గ్రీన్ బే ప్రయాణాలు: ఏ మ్యాచ్‌కు వెళ్లాలి, ఎక్కడ బస చేయాలి

విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బే జనాభా లక్షకు కాస్త పైన ఉంటుంది. అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్యాకర్స్ ఆడే లాంబో ఫీల్డ్ స్టేడియంలో 81,441 మంది పడతారు. మ్యాచ్ ఉన్న వారాంతంలో ఆ ఊరికి వెళ్లేవారికి ఎదురయ్యే ఇబ్బందులన్నీ, హోటల్ అద్దె మొదలుకొని ఆట ముగిశాక రోడ్డు మీద కదలకుండా నిలిచిపోయే కార్ల వరకు, ఈ రెండు అంకెల నుంచే పుడతాయి. ఆ ఆట ప్రధాన లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇంత చిన్న ఊరికి జట్టు ఉండటం మరెక్కడా లేదు. 1919లో కర్లీ లాంబో, జార్జ్ కల్హూన్ ఈ జట్టును కూర్చినప్పుడు జెర్సీలకు డబ్బు ఇచ్చింది లాంబో పనిచేస్తున్న ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ. ప్యాకర్స్ అన్న పేరు అలా వచ్చింది. జట్టుకు యజమాని అంటూ ఒక కోటీశ్వరుడు లేడు. ఐదు లక్షలకు పైగా వాటాదారులు ఉన్నారు, వారిలో ఎవరికీ ఒక్క డాలరు లాభాంశం కూడా రాదు.

షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో ఉండే మాకు గ్రీన్ బే కారులో నాలుగు గంటల లోపు దూరమే. 2024 సీజన్‌లో వేసవి సాధన శిబిరానికి, నవంబరులో డెట్రాయిట్ లయన్స్ మ్యాచ్‌కు, క్రిస్మస్ ముందు న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ మ్యాచ్‌కు వెళ్లాము. ఇక్కడ సీజన్ టికెట్ల (సొంత మైదానంలోని మ్యాచ్‌లన్నిటికీ కలిపి ఇచ్చేవి) కోసం వరుసలో నిలిచినవారు 1,40,000కు పైగా ఉన్నారు కాబట్టి మనలాంటి వారికి మిగిలిన దారి తిరిగి అమ్మే టికెట్లు కొనుక్కోవడమే. ఆ ధర ఎదుటి జట్టును బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది. సొంత డివిజన్‌లోని (లీగ్‌లో నాలుగేసి జట్ల గుంపును డివిజన్ అంటారు) షికాగో బేర్స్, మిన్నెసోటా వైకింగ్స్, లయన్స్ వస్తే సాధారణంగా ధర పెరుగుతుంది. అయితే ఆ సీజన్ లెక్క ఒకసారి చూడండి. సొంత మైదానంలో ఆడిన తొమ్మిది మ్యాచ్‌లలో ప్యాకర్స్ ఓడినవి మూడు, ఆ మూడూ ఈ డివిజన్ జట్ల చేతుల్లోనే. కోల్ట్స్, కార్డినల్స్, టెక్సన్స్, ఫార్టీనైనర్స్, డాల్ఫిన్స్, సెయింట్స్ వచ్చినప్పుడు మాత్రం గెలిచారు. పాత పగ ఉన్న మ్యాచ్ అని ఎక్కువ డబ్బు పోసిన అభిమానులు ఆ ఏడాది ఓటమిని కొనుక్కున్నారు, మాతో సహా.

జులై చివర మొదలయ్యే సాధన శిబిరం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే భారతదేశం నుంచి వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు ఈ జట్టును చూపించడానికి అంతకంటే సుఖమైన సమయం లేదు. స్టేడియానికి ఎదురుగా ఉన్న రే నిట్ష్కీ మైదానంలో జరిగే సాధన చూడటానికి టికెట్ అక్కర్లేదు. ఆటగాళ్లు లాంబో నుంచి ఆ మైదానానికి ఊరి పిల్లల సైకిళ్ల మీద వెళ్తారు. నూట యాభై కిలోల మనిషి చిన్న సైకిలు తొక్కుతుంటే ఆ సైకిలు సొంతదారు అతని హెల్మెట్ పట్టుకుని పక్కన పరుగెత్తుతాడు. ఇది దశాబ్దాల ఆనవాయితీ. ఆ తరువాత మధ్యాహ్నం స్టేడియం పర్యటనకు, హాల్ ఆఫ్ ఫేమ్ ప్రదర్శనశాలకు సరిపోతుంది. ఆటగాళ్లు వచ్చే సొరంగ మార్గం గుండా మైదానం అంచు వరకు తీసుకువెళ్తారు, గడ్డి మీద అడుగు పెట్టనివ్వరు. ప్రదర్శనశాలలో నాలుగు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) ట్రోఫీలు ఉన్నాయి. 1967 డిసెంబరు 31న మైనస్ 25 డిగ్రీల సెల్సియస్ చలిలో జరిగిన ‘ఐస్ బౌల్’ అనే మ్యాచ్ గురించిన భాగం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. మ్యాచ్ రోజుల్లో పర్యటనలు ఉండవు, కాబట్టి ఆట చూడటానికి వచ్చి అదే రోజు ఇది కూడా ముగిద్దామనుకుంటే కుదరదు. స్టేడియం పక్కనే ఉన్న టైటిల్‌టౌన్ పార్కులో పిల్లలు ఆడుకోవడానికి రుసుము లేదు.

లయన్స్ మ్యాచ్ నవంబరు 3న, దీపావళి వెళ్లిన వారాంతంలో వచ్చింది. దాని కోసం ముప్ఫై మైళ్ల దూరంలోని ఆపిల్టన్‌లో గది తీసుకున్నాము. స్టేడియం దగ్గరి హోటళ్లు అడిగిన దానిలో దాదాపు సగం అద్దెకు శుభ్రమైన గది, ఉదయం ఫలహారం దొరికాయి. రెండు రాత్రులు తప్పనిసరి అన్న షరతు కూడా లేదు. కారును స్టేడియం దగ్గరి వీధిలో ఒక ఇంటి ముంగిట గడ్డి మీద నిలిపాము. మ్యాచ్ రోజున ఆ వీధుల వారంతా అట్ట ముక్క మీద ధర రాసి పట్టుకుని గుమ్మం ముందు నిలబడతారు. స్టేడియానికి ఎంత దగ్గరైతే అంత ఖరీదు. కారు దిగగానే బయటికి తీసే దారి ఎటో ఇంటివారిని అడిగి, అడ్డం లేని చోట పెట్టించుకోవడం మేలు. కారు లేనివారికి మ్యాచ్ రోజుల్లో ఊరి సిటీ బస్సులు ఉచితంగా తిరుగుతాయి. ఆ రోజంతా వాన. స్టేడియంలోకి గొడుగులు అనుమతించరు, పారదర్శకమైన సంచి, చేతిలో పట్టే చిన్న పర్సు తప్ప వేరే సంచి రానివ్వరు. సగం ఆట ముగిసే ముందు ప్యాకర్స్ ఆటగాడు జోర్డన్ లవ్ విసిరిన బంతిని లయన్స్ ఆటగాడు కెర్బీ జోసెఫ్ పట్టుకుని నేరుగా పరుగెత్తి చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. అక్కడితో మైదానంలో నీలం చొక్కాల లయన్స్ అభిమానుల గొంతే పెద్దదైంది. 24-14తో ఓడిపోయి, తడిసిన బట్టలతో ఆపిల్టన్ చేరేసరికి ముప్ఫై మైళ్లు ముప్ఫై మైళ్లలా అనిపించలేదు. అయినా మధ్యాహ్నపు మ్యాచ్‌కు ఆపిల్టన్ బసనే నేను సిఫారసు చేస్తాను.

రాత్రి మ్యాచ్ సంగతి వేరు. డిసెంబరు 23న సెయింట్స్ మ్యాచ్ రాత్రి ఏడు దాటాక మొదలైంది కనుక ఈసారి స్టేడియానికి నడిచి వెళ్లగల దూరంలో ఒక హోటల్‌లో దిగాము. రెండు రాత్రుల అద్దె ముందే చెల్లించాలన్నారు, రద్దు చేసుకుంటే తిరిగి ఇవ్వమన్నారు. తీరా చూస్తే గది పాతది, హీటరు రాత్రంతా మూలుగుతూనే ఉంది, ఆ ధరకు ఉదయం ఇచ్చినది చల్లటి బ్రెడ్డు. ఇన్ని లోపాలున్నా ఆ డబ్బు వృథా అనను. ఆట ముగిశాక గడ్డకట్టిన రోడ్ల మీద కారు తీయకుండా పావుగంటలో గదికి చేరడం విలువ ఆ చలిలో నిలబడితేనే తెలుస్తుంది. నూట ఇరవై మైళ్ల దూరంలోని మిల్వాకీలో దిగి రాత్రి మ్యాచ్‌కు వచ్చిపోదామనే ఆలోచన మానుకోవాలి.

లాంబోలో చాలా వరకు కుర్చీలు ఉండవు, అంకెలు వేసిన అల్యూమినియం బల్లలే. అందరూ మందపాటి కోట్లు వేసుకుని వస్తారు కాబట్టి డిసెంబరులో మన అంకె మీద మనకు సగం చోటే మిగులుతుంది. అద్దెకిచ్చే వీపు ఆనించుకునే కుర్చీలు తీసుకోవాలి, కాళ్ల కింద వేసుకోవడానికి అట్ట తీసుకెళ్లాలి. కాంక్రీటు నుంచి వచ్చే చలిని రెండు జతల మేజోళ్లు ఆపలేవు. ఆట ఏకపక్షంగా సాగింది. ప్రధాన ఆటగాళ్లు డెరెక్ కార్, ఆల్విన్ కమారా లేని సెయింట్స్ 34-0తో ఓడారు, ప్యాకర్స్ సీజన్ చివరి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్‌లలోకి అడుగుపెట్టారు. ఉత్కంఠ లేదని కొందరు పెదవి విరవవచ్చు. ఆ ఏడాది బంతితో 1,329 గజాలు పరుగెత్తిన ప్యాకర్స్ ఆటగాడు జాష్ జేకబ్స్‌ను దగ్గర నుంచి చూడటానికి, చుట్టూ ఉన్న జనం నిశ్చింతగా పాడుతుంటే వినడానికి ఇదే మంచి రాత్రి అని నా అభిప్రాయం.

తిండి విషయంలో శాకాహారులకు దిక్కు వేయించిన చీజ్ కర్డ్స్ అనే చీజ్ ముక్కలు. అవి వేడిగా ఉన్నంతసేపు అమృతమే, చల్లారితే రబ్బరు. మాంసాహారులకు బ్రాట్‌వర్స్ట్ అనే సాసేజ్, బెల్జియం నుంచి వలస వచ్చినవారు ఈ ప్రాంతంలో స్థిరపరచిన బూయా అనే కోడి పులుసు ఉన్నాయి. పార్కింగ్ స్థలాల్లో ఆటకు ముందు వండుకు తినే టెయిల్‌గేటింగ్‌లో మేము మా పులిహోర విప్పాము, పక్క కారువారు వాళ్ల పొయ్యి దగ్గర చోటిచ్చారు.

జనవరి 5న బేర్స్ మ్యాచ్‌కు టికెట్లు చూసి కూడా కొనలేదు. ప్యాకర్స్ 24-22తో ఓడిపోయి, 11 గెలుపులు, 6 ఓటములతో సీజన్ ముగించి, వారం తరువాత ఫిలడెల్ఫియాలో ప్లేఆఫ్ మ్యాచ్‌లో 22-10తో ఓడి ఇంటిదారి పట్టారు. సీజన్ చివరి వారంలో వచ్చిన ఆ బేర్స్ మ్యాచ్ ఏ రోజు, ఎన్ని గంటలకో దాదాపు వారం ముందు వరకు ఖరారు కాలేదు. టీవీ ప్రసారాల కోసం డిసెంబరు మ్యాచ్‌ల సమయాలను కూడా లీగ్ మారుస్తుంది. కాబట్టి మే నెలలో షెడ్యూలు వచ్చిన రోజే రద్దు చేసుకోగల గదిని ఆపిల్టన్‌లో పట్టి ఉంచి, టికెట్‌ను మ్యాచ్ వారంలో కొనడం మంచిది. రాత్రి మ్యాచ్ అని తేలితే అప్పుడు గ్రీన్ బేలో వెతుక్కోవచ్చు.